సీటు వచ్చిన రోజుకూ ఫీజు వచ్చే రోజుకూ మధ్య: సంక్షేమ శాఖలకు, బ్యాంకర్లకు ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర షెడ్యూల్డ్ కులాల, గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి సభ్యులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సింగ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. 2009లో బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కాబట్టి నా పట్టా మీద విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం లేకపోయి ఉంటే, పత్తి ఏరడానికి కూలికి వెళ్లే తల్లికి పుట్టిన నేను ఇంటర్మీడియట్ దగ్గరే ఆగిపోయేదాన్ని. ఈ లేఖలో ఆ పథకం అమలు గురించి ఎంత కఠినంగా మాట్లాడినా, అది పది కాలాల పాటు నిలబడాలని కోరుకునే మనిషిగానే మాట్లాడుతున్నానని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

కొన్నేళ్లుగా మా ఊరిలోనూ చుట్టుపక్కల తండాలలోనూ నర్సింగ్ చదవాలనుకునే ఆడపిల్లలకు దరఖాస్తులు నింపడంలో, ధ్రువపత్రాలు సమకూర్చడంలో, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడంలో సాయపడుతున్నాను. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఒక ప్లాస్టిక్ సంచి, అందులో మెమోలు, ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని ఒక తల్లి కూర్చుని ఉండడం ఆ నెలల్లో మా ఇంట్లో మామూలు సంగతి. ఆ సంచులు విప్పి చూసీ చూసీ నాకు అర్థమైన ఒక్క విషయాన్ని మీ ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను. పేదింటి పిల్ల నర్సింగ్ చదువుకు ఫీజు మొత్తం కంటే ఫీజు తేదీ ఎక్కువ అడ్డం పడుతున్నది. ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు వచ్చే రోజు ఒకటి, కళాశాల అడిగే రోజు ఇంకొకటి. ఆ రెండు రోజుల మధ్య ఉన్న నెలల బరువును, ఒక్కోసారి ఏళ్ల బరువును, ఆ పిల్ల తల్లి మెడలోని బంగారం మోస్తున్నది.

2024 చివరలో మా పక్క ఊరి అమ్మాయికి ఒక ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో, కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ, తల్లి వ్యవసాయ కూలీ, వెనుకబడిన తరగతికి చెందిన కుటుంబం. అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీ చదివి ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంది. సీటు కేటాయించినట్టు ఫోనుకు సందేశం వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. తెల్లవారి, కౌన్సెలింగ్ నడిపే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం రుసుము ఆన్‌లైన్‌లో కట్టి కేటాయింపు పత్రం తీసుకున్నాం. కళాశాలలో రిపోర్టు చేయడానికి మిగిలిన గడువు నాలుగు రోజులు. కళాశాల కార్యాలయంలో చెప్పిన మాట ఇది: "ట్యూషన్ ఫీజు ఇప్పుడు మీరు కట్టండి, ప్రభుత్వం నుంచి వచ్చాక మీకు తిరిగి ఇస్తాం." దాని మీద హాస్టల్ అడ్వాన్సు, మెస్సు, యూనిఫాం, తెల్లకోటు, రికార్డు పుస్తకాలు, ఆస్పత్రికి తీసుకువెళ్లే బస్సు, నైపుణ్య ప్రయోగశాల రుసుము అని ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే 68,000 రూపాయలు అయింది. ఆ చీటీ చూసిన తండ్రి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే సీటు పోతుందేమోనని ఆయన భయం.

తల్లి పొదుపు సంఘంలో ఉన్న తన వంతు తీసుకుంది, చెవి కమ్మలు కుదువ పెట్టింది. మిగిలిన 40,000 రూపాయలను తండ్రి తాను పనిచేసే చోట నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు 800 రూపాయలు, ఏడాదికి 9,600. ఆ ఏడాది గడిచినా రీయింబర్స్‌మెంట్ రాలేదు. ట్యూషన్ ఫీజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని వారు ఇప్పటికీ నమ్ముతున్నారు, నేనూ నమ్మమనే చెబుతున్నాను. అయితే ఈ మిత్తిని ఏ పథకమూ తిరిగి ఇవ్వదు, ఏ లెక్కల పుస్తకంలోనూ ఇది కనబడదు. మీ దస్త్రాలలో ఆ అమ్మాయి ఉచితంగా చదువుకుంటున్నట్టే నమోదై ఉంటుంది.

కళాశాలలను మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదని నాకు తెలుసు. ట్యూటర్లకు నెలనెలా జీతాలు ఇవ్వాలి, భవనానికి అద్దె కట్టాలి. ఏళ్ల తరబడి బకాయిలు పేరుకుపోతే చిన్న కళాశాల తట్టుకోలేదు. 2025 నవంబరు మొదటి వారంలో బకాయిలు విడుదల చేయాలంటూ రాష్ట్రంలోని ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు తలుపులు మూసుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం ఆ అమ్మాయి ఇంటికి వచ్చి కూర్చుంది. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య ఉన్న బాకీ తగాదాలో తరగతులు పోగొట్టుకున్నది ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని పద్దెనిమిదేళ్ల పిల్లలు.

ఈ విషయంలో నా మనవి చాలా సూటిగా ఉంటుంది. కౌన్సెలింగ్ సమయంలోనే ఆరోగ్య విశ్వవిద్యాలయం కుల ధ్రువపత్రాన్ని, ఆదాయ ధ్రువపత్రాన్ని, స్థానికతను తెలిపే ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఉన్న స్టడీ సర్టిఫికెట్లను పరిశీలిస్తున్నది. ఆ పరిశీలన పూర్తయ్యాక మళ్లీ అవే పత్రాలను ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ఎక్కించి, మీసేవకు వెళ్లి వేలిముద్ర వేసి, ప్రింటు తీసిన దరఖాస్తును కళాశాలలో ఇచ్చి, అక్కడి నుంచి అది జిల్లా సంక్షేమ కార్యాలయానికి చేరేవరకు ఎదురుచూడవలసి వస్తున్నది. పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంటిపేరు మరో రకంగా ఉంటే ఆ దరఖాస్తు అక్కడే ఆగుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం తెగిపోయిందని ఆరు నెలల తరువాత తెలుస్తుంది. ఒకసారి పరిశీలించిన పత్రాన్ని రెండోసారి అడగకుండా, సీటు కేటాయించిన రోజునే రీయింబర్స్‌మెంట్ అర్హతను కూడా తేల్చి, కేటాయింపు పత్రం మీదనే "ఈ విద్యార్థి ట్యూషన్ ఫీజు ప్రభుత్వ బాధ్యత, ప్రవేశ సమయంలో దీనిని విద్యార్థి నుంచి వసూలు చేయరాదు" అని అచ్చు వేయించండి. ఆ ఒక్క వాక్యం చేతిలో ఉంటే ఒక హమాలీ కూడా కార్యాలయం కిటికీ దగ్గర నిలబడి మాట్లాడగలుగుతాడు. అలాగే హాస్టల్, మెస్సు, బస్సు, యూనిఫాం సహా నాలుగేళ్లకు ప్రతి కళాశాల వసూలు చేసే మొత్తం సొమ్మును వెబ్ ఆప్షన్లు మొదలయ్యే ముందే విశ్వవిద్యాలయం తన జాబితాలో తెలుగులో ప్రకటించాలి. రెండు కళాశాలల ట్యూషన్ ఫీజు ఒకటే అయినా పై ఖర్చులు ఏడాదికి వేలల్లో తేడా ఉంటున్నాయి. ఆ తేడా తెలియకుండానే పిల్లలు ఆప్షన్లు పెడుతున్నారు.

చదువు మొదలుపెట్టినప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇది. చదువు ముగించినప్పుడు ఎదురయ్యేది దీనికంటే కఠినమైనది, దానిని నేను స్వయంగా అనుభవించాను. 2013లో చివరి సంవత్సరం పరీక్షలు పాసయ్యాను. నేను చదివిన కళాశాలకు మా బ్యాచ్ తాలూకు ఫీజు బకాయిలు రావలసి ఉండడంతో, ఆ సొమ్ము మేమే కడితే తప్ప టీసీ గానీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ గానీ, చేరేటప్పుడు ఇచ్చిన పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ మెమోలు గానీ ఇవ్వబోమన్నారు. నర్సింగ్ చదివినవారికి ధ్రువపత్రం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరించాలి. సాధారణ డిగ్రీ చదివిన వ్యక్తి పట్టా చేతికి రాకపోయినా ఎక్కడో ఒకచోట పనిలో చేరవచ్చు. నర్సు అలా చేరలేదు. ఒరిజినల్ పత్రాలు చూపనిదే రాష్ట్ర నర్సింగ్ మండలి నమోదు చేయదు. నమోదు సంఖ్య లేనిదే ప్రభుత్వ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేయడానికి వీలుండదు, నిబంధనలు పాటించే ఏ ఆస్పత్రీ వార్డులోకి రానివ్వదు. నాలుగేళ్లు సిరంజి పట్టిన చేతులతో నేను పదకొండు నెలలు అమ్మతో పాటు పత్తి ఏరాను. ఆ మధ్యలో మా జిల్లాలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వచ్చి గడువు ముగిసిపోయింది. చివరికి అమ్మ పాడి బర్రెను అమ్మి ఆ సొమ్ము కట్టింది. ప్రభుత్వం నుంచి ఆ బకాయి తరువాత కళాశాలకు వచ్చే ఉంటుంది. బర్రె మాత్రం మా కొట్టానికి తిరిగి రాలేదు.

బాకీ ప్రభుత్వానిది, తాకట్టులో ఉన్నది నా పదో తరగతి మెమో. ఈ ఏర్పాటును ఎవరూ చట్టంగా రాయలేదు, అయినా చట్టం కంటే గట్టిగా అమలవుతున్నది. నా తరువాత పదేళ్లకు చదివిన పిల్లలు కూడా ఇదే మాట వచ్చి చెబుతుంటే మనసు మండిపోతున్నది. విద్యార్థుల ఒరిజినల్ ధ్రువపత్రాలను సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని, ప్రవేశ సమయంలో సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అదే సూత్రాన్ని ఆరోగ్య విశ్వవిద్యాలయం తన అనుబంధ నర్సింగ్ కళాశాలలకు గుర్తింపు షరతుగా పెట్టాలని, ఉల్లంఘించిన కళాశాలకు మరుసటి ఏడాది కౌన్సెలింగ్‌లో సీట్లు చూపకూడదని కోరుతున్నాను. అంతకంటే తేలికైన మార్గం కూడా ఉంది. ఉత్తీర్ణుల జాబితా విశ్వవిద్యాలయం దగ్గరే ఉంటుంది. భారత నర్సింగ్ మండలి దేశవ్యాప్తంగా నర్సుల నమోదు, ట్రాకింగ్ వ్యవస్థను ఇప్పటికే నడుపుతున్నది. విశ్వవిద్యాలయం ఆ జాబితాను నేరుగా రాష్ట్ర మండలికి పంపి, ధ్రువపత్రాలను డిజీలాకర్‌లో పెడితే, నమోదు కోసం కళాశాల బీరువా తాళం తెరుచుకునే వరకు ఏ పిల్లా ఆగవలసిన పని ఉండదు. కళాశాలకు రావలసిన బాకీని కళాశాల ప్రభుత్వంతోనే తేల్చుకోవాలి.

ఇక అర్హత సంగతి. వెనుకబడిన తరగతుల విద్యార్థుల విషయంలో గ్రామాలలో కుటుంబ వార్షికాదాయం 1,50,000 రూపాయలు, పట్టణాలలో 2,00,000 రూపాయలు దాటకూడదన్న పరిమితి ఏళ్లుగా అలాగే ఉంది. ఏడాదికి లక్షన్నర అంటే నెలకు 12,500. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లి, నెలలో ఇరవై రోజులు పని దొరికినా ఆ కుటుంబం ఆ గీతకు దగ్గరగా వచ్చేస్తుంది. భర్త ఆటో నడిపితే దాటేస్తుంది. మరోవైపు విద్యా రుణాల మీద, వాయిదాలు ఇంకా మొదలుకాని మారటోరియం కాలపు వడ్డీని పూర్తిగా భరించే కేంద్ర పథకం 4,50,000 రూపాయల ఆదాయం ఉన్న కుటుంబాన్ని కూడా సాయం అవసరమైన కుటుంబంగానే గుర్తిస్తున్నది. ఒకే ఇల్లు ఒక ప్రభుత్వం కంటికి పేదదిగా, ఇంకొక ప్రభుత్వం కంటికి కలిగినదిగా కనబడుతున్నది. పరిమితిని వాస్తవ కూలి రేట్లకు తగినట్టు పెంచకపోతే, ధ్రువపత్రంలో ఆదాయాన్ని తగ్గించి రాయించుకునే పనికి మనమే జనాన్ని నెడుతున్నట్టు అవుతుంది. నిజం చెప్పిన కుటుంబం నష్టపోయే పద్ధతి ఎక్కువ కాలం నడవకూడదు.

ఇప్పుడు బ్యాంకర్ల సమితి సభ్యులతో కొంచెం వివరంగా మాట్లాడదలిచాను, ఎందుకంటే రీయింబర్స్‌మెంట్ గీతకు కొద్దిగా పైన ఉన్న కుటుంబాలకు, హాస్టల్ ఖర్చులు భరించలేని కుటుంబాలకు మిగిలే మర్యాదైన దారి మీ శాఖల గుమ్మమే. 4,00,000 రూపాయల వరకు విద్యా రుణానికి ఏ తాకట్టూ అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. 7,50,000 వరకు రుణాలకు కేంద్రం 2015లో హామీ నిధిని ఏర్పాటు చేసింది. రుణం మంజూరు చేసేటప్పుడు తల్లిదండ్రుల ఆస్తి కంటే విద్యార్థి రేపటి సంపాదనను చూడాలని భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం చెబుతున్నది. వడ్డీ రాయితీ పథకానికి 2018 ఏప్రిల్ నుంచి అమలైన సవరణలలో, కళాశాలల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే నాక్ సంస్థ పరిధిలోకి రాని వృత్తి కోర్సులకు ఆయా నియంత్రణ మండలుల అనుమతి ఉంటే చాలునని చెబుతూ, నర్సింగ్ కోర్సులకు నర్సింగ్ మండలిని పేరు పెట్టి మరీ ప్రస్తావించారు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది శాఖ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మారిపోతున్నది.

నేను తోడు వెళ్లిన ఒక శాఖలో మేనేజరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "పట్టా పాసుపుస్తకం ఉందా?" అనేది. లేదని చెబితే ఆయన దరఖాస్తు తీసుకోలేదు. తీసుకోలేదు కాబట్టి తిరస్కరించినట్టు కూడా ఎక్కడా నమోదు కాలేదు. ఇంకొక శాఖలో తండ్రి పాత అప్పుల చెల్లింపును బట్టి ఇచ్చే సిబిల్ స్కోరు చూశారు. ఏడేళ్ల కిందట ఆయన తీసుకున్న సూక్ష్మ రుణంలో రెండు వాయిదాలు తప్పాయట. ఆ తండ్రి తప్పిన రెండు వాయిదాలకు, ఆ కూతురు నాలుగేళ్ల తరువాత తీర్చబోయే అప్పుకు ఏమిటి సంబంధమని అడిగితే, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలు కాబట్టి అదే నియమమని చెప్పారు. విద్యా రుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలని మరొకచోట సలహా ఇచ్చారు. చేశాం. కొన్ని వారాల పాటు అది పరిశీలనలో ఉన్నట్టు చూపించింది. సీటు గడువు నాలుగు రోజులు.

2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం గురించి పిల్లలు ఎంతో ఆశగా అడుగుతుంటారు. తాకట్టు లేని, హామీదారు అవసరం లేని రుణం, 8,00,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు మూడు శాతం వడ్డీ రాయితీ అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే ఆ పథకం దేశం మొత్తం మీద ర్యాంకింగులలో ముందున్న 860 సంస్థలతో మొదలైంది. మా పిల్లలకు సీట్లు వచ్చే జిల్లా కేంద్రాల ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు ఆ జాబితాలో కనిపించవు. ఆ సంగతిని వారికి మెల్లగా చెప్పడం నా పనిలో నాకు ఏమాత్రం ఇష్టం లేని భాగం.

అందుచేత మీ సమితిని కోరేది ఇది. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన తరువాత నర్సింగ్ కౌన్సెలింగ్ మొదలయ్యే లోపు దొరికే సమయం తక్కువేమీ కాదు. ఆ సమయంలోనే, ఏ కళాశాల అన్నది తేలకముందే, ర్యాంకునూ కుటుంబ వివరాలనూ చూసి సూత్రప్రాయ మంజూరు పత్రం ఇచ్చే ఏర్పాటు చేయండి. సీటు వచ్చిన రోజున కళాశాల పేరు చేర్చి మూడు పని దినాలలో మొదటి విడత విడుదల చేయడం అప్పుడు సాధ్యమవుతుంది. ప్రతి జిల్లా లీడ్ బ్యాంకు కార్యాలయంలో జూన్ నుంచి ప్రవేశాలు ముగిసే వరకు విద్యా రుణాలకే ఒక అధికారిని కేటాయించండి. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాన్ని తెలుగులో రాతపూర్వకంగా ఇవ్వండి. నోటి మాటతో వెనక్కి పంపే పద్ధతి ఆగితే, సగం మంది పిల్లలకు అప్పుడే న్యాయం జరుగుతుందని నా అనుభవంతో చెప్పగలను.

ఈ ఆలస్యాల వల్ల లాభపడేవారు కూడా ఉన్నారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచే ఊళ్లలో ఏజెంట్లు తిరుగుతారు. కౌన్సెలింగ్ దాకా ఆగితే సీటు దొరకదని భయపెట్టి, మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించి, "స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అంటారు. మేనేజ్‌మెంట్ కోటాలోనూ, మిగిలిన సీట్లను అప్పటికప్పుడు నింపే స్పాట్ అడ్మిషన్లలోనూ చేరినవారికి రీయింబర్స్‌మెంట్ వర్తించదన్న సంగతి ఆ తల్లిదండ్రులకు రెండో సంవత్సరంలో గానీ తెలియదు. కొందరు పిల్లలను బెంగళూరు బస్సు ఎక్కిస్తారు. అక్కడికి వెళ్లి చదివి బాగుపడినవారూ ఉన్నారు, కానీ చేరబోయే కళాశాలకు నర్సింగ్ మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోకుండా వెళ్లి ఏళ్లు పోగొట్టుకున్న పిల్లలను నేను ఎరుగుదును. ఇందుకు విరుగుడు ఖర్చు లేనిది. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో, కస్తూర్బా బాలికా విద్యాలయంలో (కేజీబీవీ), గురుకులంలో డిసెంబరులోనే ఒక గంట కేటాయించి, బీఎస్సీ నర్సింగ్‌కు ఈఏపీసెట్ రాయాలని, దానికి దరఖాస్తు ఎప్పుడో, మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎంకూ నాలుగేళ్ల బీఎస్సీకీ తేడా ఏమిటో, ఏ కోటాలో చేరితే ఏ సాయం వస్తుందో చెప్పించండి. కొన్నేళ్ల కిందటి వరకు ఇంటర్ మార్కులతోనే సీటు వచ్చేది కాబట్టి, ఇప్పటికీ ఆ నమ్మకంతోనే పరీక్షకు దరఖాస్తు చేయకుండా ఉండిపోతున్న పిల్లలు నా దగ్గరికి ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నారు. వారికి ఆ ఏడాదికి నేను చేయగలిగింది ఏమీ ఉండదు. మీరు కోరితే మా జిల్లాలోని కళాశాలలకు వెళ్లి చెప్పడానికి నేనూ నా సహోద్యోగులూ సెలవు రోజుల్లో సిద్ధంగా ఉన్నాం.

ప్రభుత్వ సీట్లు పెరగడమే అన్నిటికంటే మంచి మార్గమని వేరే చెప్పనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్ల రూపాయలతో 157 కొత్త నర్సింగ్ కళాశాలలను ఆమోదించినప్పుడు ఆ జాబితాలో మన రాష్ట్రానికి చోటు దక్కలేదు. రాష్ట్రం సొంతంగా జిల్లాలలో కళాశాలలు పెట్టింది. వాటికి పూర్తి స్థాయి హాస్టళ్లు, బోధనా సిబ్బంది సమకూరితే, ఇప్పుడు అప్పు చేసి ప్రైవేటులో చేరుతున్న పిల్లల్లో చాలామంది అక్కడే చదువుకుంటారు.

చివరిగా వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు ఒక మాట. అప్పు తీరాలంటే జీతం ఉండాలి. 4,00,000 రూపాయల రుణానికి పది శాతం వడ్డీతో పదేళ్ల వాయిదాలు పెట్టుకుంటే నెలకు దాదాపు 5,300 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్లకు పెంచుకుంటే దాదాపు 4,300. మా ఊరి పిల్లలు పట్టణంలోని చిన్న నర్సింగ్ హోములలో 12,000 రూపాయలకు చేరుతున్నారు. గది అద్దె, తిండి పోగా వాయిదా కట్టడానికి చేతిలో ఏమి మిగులుతుంది? 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన కేంద్ర కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రులలో కూడా నర్సుకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలనీ, రెండు వందల పడకలు దాటిన ఆస్పత్రులలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. ఇన్నేళ్లు గడిచినా, ఆ 20,000 చూడకుండానే పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేసిన నర్సులు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఆస్పత్రుల నమోదును పునరుద్ధరించేటప్పుడు నర్సుల జీతాల పట్టికను బ్యాంకు చెల్లింపుల రుజువుతో సహా అడగండి. పిల్లలు చేసిన విద్యా రుణాలు మొండి బాకీలు కాకుండా కాపాడే ఏర్పాటు కూడా అదే అవుతుంది కాబట్టి, ఈ ఒక్క విషయంలో బ్యాంకర్ల సమితి కూడా మాతో గొంతు కలపాలని కోరుతున్నాను. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకి, జపాన్‌కు మన నర్సులు వెళ్తున్నారని మనమందరం సంతోషిస్తున్నాం. ఆ అవకాశం అందుకోవాలన్నా ముందుగా ఆ పిల్లల ఒరిజినల్ ధ్రువపత్రాలు వాళ్ల చేతికి రావాలి.

రాత్రి డ్యూటీలో నలభై మంది రోగులకు నేను ఒక్కదాన్నే ఉన్న రోజులు ఎన్నో ఉన్నాయి. అలాంటి రాత్రుల్లో క్లినికల్ పోస్టింగ్‌కు వచ్చిన నర్సింగ్ విద్యార్థినులు బీపీ చూసి, సెలైన్ మార్చి, ముసలివాళ్లను పట్టుకుని మరుగుదొడ్డికి తీసుకువెళ్లి, తెల్లవారుజామున చార్టులు రాస్తారు. అందులో ఒక అమ్మాయి ఒక రాత్రి మధ్యలో నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరంట, నిజమేనా?" అని అడిగింది. నేను లేఖ మొదట్లో చెప్పిన అమ్మాయే ఆమె. కూర్చోనిస్తారని ధైర్యం చెప్పి పంపించాను గానీ, ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు, మీకు ఉంది.

వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వెలువడే లోపు కేటాయింపు పత్రం మీద ఆ ఒక్క వాక్యం గురించీ, ధ్రువపత్రాల నిలుపుదల గురించీ, సూత్రప్రాయ రుణ మంజూరు గురించీ మీ నిర్ణయాన్ని ప్రకటించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆ అమ్మాయి తల్లి చెవి కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి. ఆ కుటుంబం అనుమతితో, పేర్లు కొట్టివేసి, ఆ కుదువ రసీదు నకలును, కళాశాల ఇచ్చిన 68,000 రూపాయల చీటీ నకలును మీ కార్యాలయాలకు పంపుతున్న ప్రతులకు జతపరిచాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ ఆఫీసర్,
ఉమ్మడి వరంగల్ జిల్లా